ఊరు అక్కడే, జిల్లాలే మారాయి

పేరుతో వెతికితే సర్కారీ పట్టికల్లో గ్రామాలు దారి తప్పుతున్నాయి. చిక్కుముడి విప్పేది ఆరంకెల కోడే

శబరి ఒడ్డున ఉన్న చింతూరు ఎక్కడికీ కదల్లేదు. కానీ 2011 జనాభా లెక్కల్లో అది ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు బదలాయిస్తూ 2014లో విభజన చట్టాన్ని సవరించాక తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో అల్లూరి సీతారామరాజు జిల్లా. పదకొండేళ్లలో మూడు జిల్లాలన్న మాట. 2011 పట్టికను యథాతథంగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని ఖమ్మం అంటే తెలంగాణే కదా అని లెక్క కట్టారా, చింతూరు జనాభా పొరుగు రాష్ట్రం ఖాతాలో పడుతుంది.

ఇది ఒక్క చింతూరు బాధే కాదు. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. అక్షరాస్యత పెరిగిందా, మలేరియా తగ్గిందా అని పాత, కొత్త అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే అవి వేర్వేరు భూభాగాలవి. 2027 జనగణన ఫలితాలను 2011తో పోల్చేవారికీ ఈ తలనొప్పి తప్పదు.

పేర్ల గందరగోళం
జిల్లాను వదిలేసి ఊరి పేరుతో వెతుకుదామా అంటే అదో తంటా. కొత్తపల్లులు, రామాపురాలు తెలుగునాట కోకొల్లలు. పైగా ఇంగ్లిష్‌లో 'పల్లి' చివర ఒకరు 'వై' రాస్తే మరొకరు 'ఐ' రాస్తారు. ఆఫీసుల్లో అందరూ వాడే ఎక్సెల్ వీలుకప్ ఫార్ములా ఆ పేరున్న మొదటి వరుసను చూపించి ఊరుకుంటుంది. అది వేరే మండలంలోని కొత్తపల్లి అయినా చెప్పదు. 'దొరకలేదు' అని వస్తే కనీసం మళ్లీ వెతుకుతారు. తప్పుడు ఊరు దొరికితే ఎవరికీ అనుమానం రాదు. అసలు ప్రమాదం అదే.

దీనికి విరుగుడు కొత్తదేం కాదు. 2011 జనగణన ప్రతి గ్రామానికీ దేశంలో మరే ఊరికీ లేని ఆరంకెల కోడ్ ఇచ్చింది. అందులో జిల్లా జాడ ఉండదు. అందుకే జిల్లా మారినా కోడ్ మార్చాల్సిన పని లేదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీ కూడా ఇలా కోడ్‌లతోనే నడుస్తుంది.

దిగుమతి చేసుకున్న ఒకే పెద్ద పట్టికను మూడుగా విడగొడితే పని తేలికవుతుంది. మొదటిదాంట్లో కోడ్, ఊరి పేరు. రెండోదాంట్లో ఆ ఊరికి వాడుకలో ఉన్న స్పెల్లింగులన్నీ. మూడోదాంట్లో కోడ్, జిల్లా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు. జిల్లా మారినప్పుడల్లా పాత పేరు చెరిపేయకుండా కొత్త వరుస చేరిస్తే చాలు. 2013లో చింతూరు ఏ జిల్లా, 2023లో ఏ జిల్లా అన్న రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు దొరుకుతుంది.

యంత్రం చేయలేనిది
అయితే మొదటిసారి పాత పేర్లకు కోడ్‌లు జతచేయడం కష్టమైన పనే. పోలికలున్న పేర్లను సాఫ్ట్‌వేర్ ఏరి పెడుతుంది కానీ, రెండు కొత్తపల్లుల్లో ఏది కావాల్సిందో ఆ మండలం తెలిసిన మనిషే తేల్చాలి. పురపాలికల్లో కలిసిపోయిన ఊళ్లనూ, రెండుగా చీలిన పంచాయతీలనూ విడిగా రాసుకోవాలి. కోడ్‌ను అక్షరాలుగా భద్రపరచడమూ ముఖ్యమే. జమ్మూకాశ్మీర్ గ్రామాల కోడ్‌లు సున్నాలతో మొదలవుతాయి. సంఖ్య అనుకుంటే ఎక్సెల్ ఆ సున్నాలను మింగేస్తుంది.

ఈ శ్రమంతా గుమాస్తా పనిలా కనిపించొచ్చు. కానీ పునరావాస జాబితాను పాత జనాభా లెక్కలతో సరిచూసేటప్పుడు ముంపు గ్రామం కనిపించకపోతే నష్టపోయేది పట్టిక కాదు, అందులో పేరుండాల్సిన కుటుంబం. ఊరు మునిగినా రికార్డులో దాని ఆనవాలు మునగకూడదు.