దాత అండం: బిడ్డకు తెలియవలసిన చరిత్ర

దాత అండంతో కలిగిన బిడ్డకు జన్యువులలో సుమారు సగం వీర్యం ఇచ్చిన తండ్రివి, తక్కినవి దాతవి. మైటోకాండ్రియాలోని 37 జన్యువులూ దాతవే. నవమాసాలు మోసినంత మాత్రాన ఆ జన్యుక్రమం మారదు. అలాగని గర్భాశయం వట్టి సంచి కాదు. మోసిన తల్లి రక్తంలో చక్కెర పెరిగితే, జన్యుసంబంధం లేకున్నా, శిశువు అధిక బరువుతో పుట్టవచ్చు.

ఈ భేదం పెద్దయ్యాక అవసరపడుతుంది. తల్లికి బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నా అది ఆమెనుండి కూతురికి రాదు. దాతకు ఉంటే మాత్రం వచ్చే అవకాశం సగానికి సగం. "మీ అమ్మగారి వైపు రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా ఉన్నదా?" అని వైద్యుడు అడిగితే, నిజం తెలియని కూతురు తప్పు జవాబే చెబుతుంది.

బ్రిటన్ చట్టం ప్రకారం మోసి కన్న స్త్రీయే తల్లి. అక్కడ 2005 ఏప్రిల్ 1 తరువాత నమోదైన దాత ఎవరో తెలుసుకునే హక్కు బిడ్డకు 18 ఏళ్లకు వస్తుంది. హైదరాబాదు వెళ్లి చికిత్స పొందిన బ్రిటన్ దంపతుల బిడ్డకు ఆ హక్కు వర్తించదు.

కనుక దాత ఆరోగ్యచరిత్రను చికిత్స సమయంలోనే రాతపూర్వకంగా అడిగి భద్రపరచాలి. కేంబ్రిడ్జిలో సూసన్ గోలంబాక్ బృందం ఇరవయ్యేళ్లు పరిశీలించిన కుటుంబాలలో, ఏడేళ్లలోపే సంగతి తెలిసిన పిల్లలకు తల్లితో అనుబంధం మెరుగ్గా కనిపించింది. చెబితే బిడ్డ దూరమవుతుందన్న భయానికి ఆ పరిశీలనలో ఆధారం లేదు.