సర్వరు ఏ ఫైలును చదివినది?

ఎల్లప్పుడు మేలుకొనియుండి ఇతర ప్రోగ్రాములు అడిగిన సమాచారమును అందించు ప్రోగ్రామునకు సర్వరు అని పేరు. అది ఎట్లు నడచుకొనవలెనో తెలుపు నిబంధనలను ఒక ఫైలులో వ్రాసియుంచుదురు. దానినే కన్ఫిగరేషన్ ఫైలు అందురు. ఇటలీ దేశస్థుడగు సాల్వతోరే సాన్‌ఫిలిప్పో 2009లో వెలువరించిన రెడిస్ అను సర్వరును ఉదాహరణగా తీసికొందము. ఇది సమాచారమును మెమరీలో ఉంచుకొనును. కరెంటు పోయినచో మెమరీలోనిది నిలువదు గనుక, అప్పుడప్పుడు డిస్కుపై నకలు తీయును.

ఒక విద్యార్థి ప్రతి మార్పును డిస్కుపై చిట్టాగా వ్రాయించదలచి, ఫైలులో 'అపెండ్‌ఓన్లీ యెస్' అని చేర్చి, కమాండ్ లైనులో 'రెడిస్-సర్వర్' అని మాత్రమే కొట్టెననుకొనుడు. సర్వరు ప్రారంభమగును, చక్కగా పనిచేయును. కాని అతడు దిద్దిన ఫైలును అది తెరచియైనను చూడలేదు! పేరు చెప్పని ఫైలును రెడిస్ వెదకదు; తనలో ముందే పొందుపరచిన నిబంధనలతోనే నడచును. ఆ సంగతిని తెరపై హెచ్చరించును గాని, జారిపోవు పంక్తులలో దానిని చదువువారు అరుదు. ఆ నిబంధనల ప్రకారము 7వ వెర్షనులో, కొద్ది మార్పులే జరిగినప్పుడు నకలు తీయుటకు 3600 సెకండ్లు, అనగా ఒక గంట, పట్టును. ఈలోగా కరెంటు పోయినచో ఆ మార్పులు దక్కవు.

కావున ఫైలు పేరు చెప్పియే ప్రారంభింపవలెను: 'రెడిస్-సర్వర్ /ఈటీసీ/రెడిస్/రెడిస్.కాన్ఫ్'. దీని తరువాత '--పోర్ట్ 6380' అని చేర్చినచో, ఫైలులో 6379 అని యున్నను 6380 యే చెల్లును. ఏలయన ఫైలులోని పంక్తులు ముందు, కమాండులోని మాటలు తరువాత చదువబడును. కడపట చదివినదే నిలుచును.

ఇంకొక చిక్కు కలదు. నకలును ఏ డైరెక్టరీలో దాచవలెనో నిబంధనలలో చెప్పనియెడల, కమాండు కొట్టినప్పుడు మనమున్న డైరెక్టరీలోనే 'డంప్.ఆర్‌డిబి' అను పేర దాచును. మరునాడు వేరొక డైరెక్టరీనుండి ప్రారంభించినచో సర్వరు ఖాళీగా కనబడును. సర్వస్వము పోయినదని బెంబేలెత్తనక్కరలేదు; నకలు నిన్నటి చోటనే యుండును.

ఫైలులో తనకు తెలియని మాట యున్నచో రెడిస్ ఆ పంక్తి సంఖ్యను చూపి, ప్రారంభము కాక ఆగిపోవును. ఇది విసుగు పుట్టించినను, మౌనముగా తప్పుదారి నడచుటకంటె నయము.

ఫైలును చదువుట ప్రారంభమున ఒక్కమారే. సర్వరు నడచుచుండగా ఫైలులో చేసిన దిద్దుబాటు, మరల ప్రారంభించువరకు అమలుకు రాదు. అనుమానము కలిగినపుడు 'రెడిస్-సిఎల్ఐ ఇన్ఫో సర్వర్' అని అడుగవలెను. జవాబులో 'కాన్ఫిగ్_ఫైల్' అను మాట యెదుట పేరున్నచో ఆ ఫైలును చదివినట్లు. ఖాళీగా నున్నచో ఏ ఫైలును చదువనట్లు.