తెలివైన కుక్క తేలికైన కుక్క కాదు

"ఇంట్లో పెంచుకోవడానికి తెలివైన కుక్క ఏది సార్?" అని అడిగేవాళ్లు ఈమధ్య జవాబు కూడా వెంట తెచ్చుకుంటున్నారు. బోర్డర్ కోలీ, కాకపోతే బెల్జియన్ మాలినోయిస్. రీల్స్‌లో చూసి, హైదరాబాద్ వెళ్లి కుక్కపిల్లను తెచ్చేస్తున్నారు. మెదక్ జిల్లాలోని హవేలిఘనపూర్ లాంటి చోట ఇంకో మాట కలుస్తుంది: "మా దిక్కు గొర్లు మస్తుగుంటయ్. అది గొర్ల కుక్కనే గదా, మంచిగ బతుకుతది." తెలివి ఉంటే పెంపకం సులువనేది ఒక పొరపాటు. గొర్లున్న ఊరైతే చాలనేది ఇంకొకటి. రెండింటికీ బలయ్యేది కుక్కే.

రెండోదాన్నే ముందు తీసుకుందాం. మెదక్ నుంచి ఎల్లారెడ్డి వెళ్లే దారిలో గొల్ల, కురుమ కాపరుల మంద ఎదురైతే ఆగి చూడండి. మందను తోలేది మనిషే. భుజాన గొంగడి, చేతిలో కట్టె. పక్క చేన్లోకి మెడ చాపిన గొర్రెను మర్లేసేది ఆయన నోటి చప్పుడు. అది వినకపోతే దాని ముందు పడే మట్టిపెడ్డ. కుక్క మాత్రం తలొంచుకుని మంద అంచున నడుస్తుంటుంది. దాని పని రాత్రి మొదలవుతుంది. ఎరువు కోసం రైతు తన చెలకలో మంద పెట్టించుకున్నప్పుడు, పోచారం అడవి దిక్కు నుంచి చిరుతో తోడేలో వస్తే కాపరిని లేపాల్సింది అదే. అంటే మన మంద కుక్క కాపలా కుక్క. 2019 పశుగణనలో సుమారు 1.91 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అయినా బోర్డర్ కోలీ అవసరం ఇక్కడ ఎవరికీ పడలేదు.

మంద తోలే కుక్క పుట్టిన చోటు వేరు. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల మీద గొర్రెలను వదిలేస్తారు, అవి చెల్లాచెదురుగా మేస్తాయి. వాటిని పోగుచేసి కిందికి దింపడం ఒక్క మనిషి వల్ల కాదు. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క ఆ పనిని అరుపులు లేకుండా చూపుతోనే చేసేది. ఇవాళ్టి బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నిటి వంశవృక్షం వెనక్కి వెళ్తే దాని దగ్గరికే చేరుతుంది.

ఆ చూపు ఎక్కడిది? తోడేలు వేటలోది. తోడేలు ముందు జంతువు మీద కన్ను నిలుపుతుంది, తర్వాత నక్కి నక్కి దగ్గరవుతుంది, తరుముతుంది, కరిచి పట్టుకుంటుంది, చంపుతుంది. కాపరులు తరతరాలుగా చేసిందేమిటంటే, బాగా చూసి, నక్కి, తరిమే కుక్కలనే సంతానం కోసం ఉంచుకున్నారు. గొర్రెను చీల్చిన కుక్కను ఉంచుకోలేదు. అలా వేటలో మొదటి మూడు మెట్లు పదునెక్కాయి, చివరి రెండూ మొద్దుబారాయి. పని చేస్తున్న కోలీని దగ్గర్నుంచి చూస్తే ఇది తెలుస్తుంది. తల భుజాల కంటే కిందికి దిగుతుంది, తోక కాళ్ల మధ్యకు జారుతుంది, ఒక ముందరి కాలు గాలిలోనే ఆగిపోతుంది, కన్ను ఆర్పదు. దానికిది ఎవరూ నేర్పరు. పుట్టుకతోనే వచ్చి, పిల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. మనం నేర్పగలిగేది ఎటు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో మాత్రమే.

మన రైతులకు బోరు మోటారు సంగతి చెప్పక్కర్లేదు. ఆటోస్టార్టర్ పెట్టిన మోటారు కరెంటు రాగానే తిరుగుతుంది. బోర్లో నీళ్లున్నాయా, మడికి తడి కావాలా అని అడగదు. ఈ కుక్కకూ ఆటోస్టార్టర్ ఉంది, దానికి కరెంటు కదలిక. బైకు కదిలినా, పిల్లలు ఉరికినా, కోడి రెక్కలు కొట్టుకున్నా మోటారు ఆన్. పైపులైను ఉంటే ఆ నీళ్లు పొలానికి వెళ్తాయి; పైపులైనంటే రోజూ చేసే పని. గేటువాల్వు ఉంటే నీళ్లు ఆపొచ్చు. వాల్వంటే "ఆగు" అన్న మాటకు ఆగే శిక్షణ. రెండూ లేకుండా గొలుసేసి కట్టేస్తే మోటారు నీళ్లు లేకుండా తిరుగుతూనే ఉంటుంది, వైండింగ్ కాలుతుంది. గుండ్రంగా తిరగడం, తన కాళ్లు తానే నాక్కుని పుండు చేసుకోవడం, పిల్లల మడమలు పట్టడం అన్నీ ఆ కాలిన వాసనే. హార్స్‌పవర్ ఎక్కువున్న మోటారుకే ఈ గండం ఎక్కువ. తెలివి సంగతీ అంతే.

చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుందని అందరూ చెబుతారు. అమెరికాలో దాని యజమాని, సైకాలజీ ప్రొఫెసర్ జాన్ పిల్లీ, మూడేళ్లపాటు రోజుకు నాలుగైదు గంటలు దానితో కూర్చున్నారన్నది ఎవరూ చెప్పరు. మొయినాబాద్‌లోని పోలీసు శిక్షణ కేంద్రంలో మాలినోయిస్‌లు అంత క్రమశిక్షణతో ఉండడానికి కారణమూ ఇదే: ప్రతి కుక్కకూ ఒక హ్యాండ్లర్, ఒక డ్యూటీ ఉంటాయి.

పని లేని కుక్క రాత్రిళ్లు ఊళ పెడితే మనవాళ్లకు యముడు గుర్తొస్తాడు. కుక్క ఏడిస్తే ఎవరో పోతారని దాన్ని రాళ్లతో కొట్టిస్తారు, ఊరవతల వదిలేయిస్తారు. ఊళ అంటే దూరంగా ఉన్న తోటి కుక్కకో మనిషికో పెట్టే పిలుపు. ఒంటరిగా కట్టేసిన కుక్క పిలవక ఏం చేస్తుంది? చావు కబురు తెచ్చే శక్తి దానికి లేదు. ఈ మూఢనమ్మకంతో ఒక్క కుక్కను హింసించినా అది పాపమే.

ఇంకా రెండు ప్రమాదాలు. మెదక్‌లో మే నెల ఎండ 42, 43 డిగ్రీలు దాటుతుంది. కుక్క ముఖ్యంగా రొప్పడం ద్వారానే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఈ జాతులు అలిసినా ఆగవు. అందుకే వ్యాయామం తెల్లవారకముందు, పొద్దుగూకాక. రెండోది ఐవర్‌మెక్టిన్. గొర్రెలకు వాడే మందే కదా అని పిడుదులకు కుక్కకూ పొడిచేస్తున్నారు. మందును మెదడులోకి రానీయకుండా బయటికి నెట్టే ప్రోటీన్ కొన్ని కోలీ జాతుల్లో, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో జన్యులోపం వల్ల పనిచేయదు. బోర్డర్ కోలీ, జర్మన్ షెపర్డ్‌లలో అరుదైనా లేకపోలేదు. ఆ లోపమున్న కుక్క పెద్ద మోతాదు పడితే తూలుతుంది, చూపు పోతుంది, స్పృహ తప్పుతుంది, చనిపోవచ్చు. పశువైద్యుడు చూడకుండా ఆ సూది వేయించకండి.

కాబట్టి కొనేముందు జాతి పేరు పక్కనపెట్టి మీ దినచర్య రాసుకోండి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, మధ్యలో వాసన పట్టి వెతికే ఆటలు, కొత్త మాటలు నేర్పడం, ఇవన్నీ పన్నెండు పదమూడేళ్లపాటు చేయగలిగితే కోలీని తెచ్చుకోండి. అంత మంచి తోడు దొరకదు. ఇంటికో పొలానికో కావలి కావాలంటే మన ఊరకుక్క పిల్లను తెచ్చుకుని, రేబిస్ టీకా వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మనిషిలా చూసుకోండి. ఇక్కడి ఎండ దానికి అలవాటే, కావలి దాని రక్తంలోనే ఉంది, ధర పైసా లేదు.