మళ్లీ మళ్లీ వచ్చే బ్రేకు జబ్బు

కొత్త ప్యాడ్లు వేయించి రెండు నెలలు కాలేదు, బ్రేకు తొక్కితే స్టీరింగు మళ్లీ కొట్టుకుంటోంది. కారును జోరుగా నడిపేవాళ్ల నోట తరచూ వినే ఫిర్యాదు ఇది. 'డిస్కు బెండయింది, లేతు పట్టిద్దాం' అంటారు గ్యారేజీలో. లేతు పట్టించాక కొన్నాళ్లు బాగానే ఉంటుంది, తర్వాత కథ మొదటికొస్తుంది. బాగుచేసింది డిస్కును. దాన్ని పాడుచేసిన వేడి జోలికి ఎవరూ వెళ్లలేదు.

బండి పరుగులో ఉన్న శక్తిని రాపిడితో వేడిగా మార్చి గాలికి వదిలేయడమే బ్రేకు పని. ఆ శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1,200 కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే అందులో సుమారు 460 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. 140కి చేరితే 900 దాటుతుంది. వేగం పెరిగింది 40 శాతమే, బ్రేకు మీద పడే వేడి మాత్రం దాదాపు రెట్టింపు.

కొండ దిగేటప్పుడు దీనికి ఎత్తు తోడవుతుంది. తిరుమల నుంచి 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మీదుగా తిరుపతికి దిగితే దాదాపు 700 మీటర్ల ఎత్తు తగ్గుతుంది. మనుషులు, సామానుతో కలిపి 1,500 కిలోల బండి అయితే కోటి జౌళ్ల శక్తి ఎటో ఒకవైపు పోవాలి. ముప్పై లీటర్ల చన్నీళ్లను మరిగించడానికి చాలినంత శక్తి అది. గేరు తగ్గిస్తే అందులో పెద్ద భాగాన్ని ఇంజను భరిస్తుంది. న్యూట్రల్‌లో పెట్టి దిగేవాళ్లు దాదాపు మొత్తాన్నీ బ్రేకుల నెత్తిన పెడతారు.

కొట్టుకుంటున్న డిస్కును విప్పి, చుట్టూ ఏడెనిమిది చోట్ల మైక్రోమీటరుతో కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. చాలాసార్లు ఆ పోత ఇనుప పళ్లెం వంగి ఉండదు, మందంలో తేడా ఉంటుంది. మిల్లీమీటరులో నూటికి ఒకటి రెండు వంతుల తేడా వచ్చినా చేతికీ కాలికీ తెలిసిపోతుంది. అతిగా వేడెక్కిన ప్యాడ్ల పదార్థం డిస్కుకు మచ్చలుగా అంటుకుంటుంది. మచ్చ ఉన్నచోట రాపిడి ఎక్కువ, దాంతో వేడి ఎక్కువ, దాంతో ఇంకాస్త అంటుకుంటుంది. వేడి 650 డిగ్రీల పైకి పోతే మచ్చ కింది ఇనుములో సెమెంటైటు అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. లేతు పైపొరను చెక్కేసినా ఆ గట్టి చోటు లోపల మిగిలే ఉంటుంది. చుట్టుపక్కల ఇనుము అరిగేకొద్దీ అది మళ్లీ ఎత్తుగా తేలుతుంది. అలాంటి డిస్కును మార్చడం తప్ప దారి లేదు. హబ్బు మీది తుప్పు, సమానంగా బిగించని చక్రం నట్లు, ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌లో జామైన పిన్నులు కూడా ఇదే జబ్బు తెస్తాయి. డిస్కు మార్చేముందు వాటినీ చూడాలి.

స్టీరింగు కొట్టుకోవడం చిరాకు. పెడల్ మెత్తబడి అడుక్కి దిగిపోవడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరిన ఆయిల్‌కు ఆ ప్రమాణం 155 డిగ్రీలే. కాగిన క్యాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుపోతుంది. కాలి బలమంతా బుడగలను నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్ల దాకా చేరదు. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడుతుంది. అందుకే మర్నాడు గ్యారేజీకి తీసుకెళ్తే 'బ్రేకులు బాగానే ఉన్నాయండీ' అంటారు.

జోరుగా నడిపేవాళ్లకు, ఘాట్లలో తిరిగేవాళ్లకు నా విన్నపం ఇది. బ్రేక్ ఆయిల్ ఏడాదికోసారి మార్పించండి. కొండను ఎక్కిన గేరులోనే దిగండి. బ్రేకులు బాగా కాగి ఉన్నప్పుడు బండి ఆపితే పెడల్‌ను తొక్కిపట్టి ఉంచకండి, మచ్చలు పడేది అక్కడే. దారిలో పెడల్ మెత్తగా అనిపిస్తే వెంటనే పక్కన ఆపి అరగంటైనా చల్లారనివ్వండి. ఆ తర్వాత పెడల్ మామూలుగానే ఉన్నా, ఆయిల్ మార్పించకుండా మళ్లీ కొండ ఎక్కకండి.