జడ్జిగారి నియోజకవర్గం: ఇల్లినాయ్‌లో గీత ఎలా జరిగింది?

షికాగో శివారు నేపర్‌విల్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. ఆ ఊరు రెండు కౌంటీల మీద పరుచుకుని ఉంది. ఉత్తర భాగం డుపేజ్‌లో, దక్షిణ భాగం విల్‌లో. 2021 దాకా రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిని ఎన్నుకోవడానికి ఉత్తరం వైపు వాళ్లు రెండో న్యాయ జిల్లాలో, దక్షిణం వైపు వాళ్లు మూడో న్యాయ జిల్లాలో ఓటేసేవారు. ఇప్పుడు అందరూ మూడో జిల్లాలోనే.

‘జడ్జికి ఓటేమిటి?’ అని మనకు అనిపించడం సహజం. ఇండియాలో సుప్రీంకోర్టు జడ్జీలను కొలీజియం సిఫార్సు మీద రాష్ట్రపతి నియమిస్తారు. అమెరికాలో కేంద్ర స్థాయి జడ్జీలదీ నియామకమే. రాష్ట్రాల కోర్టుల సంగతి మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. ఇల్లినాయ్‌లో ఏడుగురు జడ్జీలను ప్రజలే ఎన్నుకుంటారు, అదీ పార్టీ టికెట్ల మీద. పదవీకాలం పదేళ్లు.

ఈ ఏడు సీట్లకు అయిదు న్యాయ జిల్లాలు. షికాగో నగరమున్న కుక్ కౌంటీ ఒక్కటే మొదటి జిల్లా, దానికి మూడు సీట్లు. మిగతా నాలుగింటికీ తలా ఒకటి. ఈ నాలుగు జిల్లాల్లో జనాభా దాదాపు సమానంగా ఉండాలని రాష్ట్ర రాజ్యాంగమే చెబుతోంది. 2020 జనగణన ప్రకారం కుక్ కౌంటీని తీసేస్తే మిగిలేది 75.4 లక్షల మంది. నాలుగుతో భాగిస్తే జిల్లాకు 18.8 లక్షలు.

ఉన్నదేమిటో చూడండి. 1960లలో గీసిన సరిహద్దులే 2021 వరకూ నడిచాయి. ఈలోగా షికాగో చుట్టూ శివార్లు పెరిగాయి. పాత రెండో జిల్లాలోని 13 కౌంటీలను కూడితే 32 లక్షలు దాటింది. దక్షిణాన అయిదో జిల్లాలో 13 లక్షలకు అటూ ఇటూ. రెండింటికీ ఒక్కో జడ్జే. లెక్కగా చెప్పాలంటే రెండో జిల్లాలో అయిదుగురున్న ఇంటి ఓటు బరువు, అయిదో జిల్లాలో ఇద్దరున్న ఇంటి ఓటు బరువుతో సమానమైంది.

ఇంత తేడా ఉంటే కోర్టు కొట్టేయదా? శాసనసభ సీట్లయితే కొట్టేసేది. జడ్జీల ఎన్నికలకు ‘ఒక మనిషికి ఒకే విలువగల ఓటు’ సూత్రం వర్తించదని లూసియానా కేసులో 1972లో ఫెడరల్ కోర్టు చెప్పింది, మరుసటి ఏడాది అమెరికా సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. జడ్జి ప్రజల ప్రతినిధి కాదు, చట్టానికి సేవకుడు అన్నది అందులోని తర్కం. ఇక ఇల్లినాయ్ రాజ్యాంగం శాసనసభ సీట్లను ప్రతి జనగణన తర్వాతా తిరిగి గీయమంది కానీ, న్యాయ జిల్లాలకు గడువేమీ పెట్టలేదు. గడువు లేని పని ఎన్నాళ్లు నానుతుందో మనకు తెలియనిదా!

మరి 2021లోనే ఎందుకు కదిలింది? ఇక్కడ రాజకీయం ఉంది. జడ్జి పదేళ్లు పూర్తయ్యాక మళ్లీ పోటీ చేయరు, ‘ఉంచాలా, వద్దా’ అని ఓటర్లను అడుగుతారు. దీన్ని రిటెన్షన్ అంటారు, అంటే కొనసాగింపు ఓటు. నెగ్గాలంటే 60 శాతం కావాలి. 2020 నవంబరులో మూడో జిల్లా డెమొక్రాట్ జడ్జి థామస్ కిల్‌బ్రైడ్‌ను వందకు 56 మందికి పైగా ఉండమన్నారు. అయినా ఓడిపోయారు. రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి అలా ఓడడం ఇల్లినాయ్‌లో అదే మొదలు. కోర్టులో డెమొక్రాట్ల 4-3 ఆధిక్యానికి ముప్పొచ్చింది. శాసనసభా, గవర్నర్ పదవీ వాళ్ల చేతిలోనే ఉన్నాయి. 2021 జూన్‌లో గవర్నర్ ప్రిట్జ్‌కర్ కొత్త పటంపై సంతకం చేశారు.

డుపేజ్‌ను రెండో జిల్లా నుంచి మూడోదానికి మార్చారు. కిల్‌బ్రైడ్ సొంత ప్రాంతం రాక్ ఐలండ్ నాలుగోదానికి వెళ్లింది. కొత్త రెండో జిల్లా జనాభా 17.7 లక్షలు, మూడోది 19.6 లక్షలు. 18.8 లక్షల సగటుకు రెండూ దగ్గరే. 2022లో ఈ రెండు సీట్లూ డెమొక్రాట్లే గెలిచారు, కోర్టు 5-2 అయింది.

అంకెలు సరైనవే, ముహూర్తం మాత్రం పార్టీ చూసుకున్నదే. రెండూ నిజమేనని నా అభిప్రాయం. అయితే పటం గీసినంత మాత్రాన తీర్పు చేతికి రాదు. దాడి తరహా తుపాకుల (అసాల్ట్ వెపన్స్) నిషేధ చట్టాన్ని 2023 ఆగస్టులో కోర్టు 4-3తో సమర్థించింది. కొత్త మూడో జిల్లా నుంచి గెలిచిన డెమొక్రాట్ మేరీ కే ఓబ్రయన్ అప్పుడు అసమ్మతి వర్గంలో ఉన్నారు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఇందులో పాత్రేమిటి? జనగణనలో వాళ్లూ, గ్రీన్‌కార్డు వాళ్లూ లెక్కలోకి వస్తారు. అంటే జిల్లా సైజును వాళ్లూ నిర్ణయిస్తారు, ఓటు మాత్రం పౌరులదే. పౌరసత్వం ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కొనసాగింపు ఓటులో 60 శాతాన్ని ఆ ప్రశ్నకు పడిన ఓట్లలోంచే లెక్కిస్తారు. ఖాళీగా వదిలేస్తే అది ‘వద్దు’ కిందికి రాదు, అసలు లెక్కలోకే రాదు.