నివురు గప్పిన అక్కి

రోగమంటే బయటినుంచి వచ్చేదని మన నమ్మకం. నీళ్లు పడలేదంటాము, గాలి సోకిందంటాము. అక్కి సంగతి అట్లా కాదు. ఏనాడో ఇంట దిగి, వెళ్లిపోయిందనుకున్న చుట్టమే అది!

చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తుంది. పొక్కులు మాడిపోతాయి, వేపాకు నీళ్లు పోస్తారు, అందరూ మరచిపోతారు. వైరస్ మాత్రం వెన్నెముక పక్కనున్న నరాల ముడుల్లో చేరి నిద్రపోతుంది. ఈ రెండు జబ్బులకూ బంధుత్వమున్నదని 1888లోనే హంగరీ వైద్యుడు బోకాయ్ అనుమానించాడు. పాత ఆటలమ్మ మేలుకోవడమే అక్కి అని 1965లో ఇంగ్లండు వైద్యుడు హోప్ సింప్సన్ ప్రతిపాదించాడు.

మరి అన్నేళ్లు అది కదలకుండా ఎట్లా ఉంటుంది? మన కణమొక్కదానిలో సుమారు 2 మీటర్ల డి.ఎన్.ఏ. దారమున్నది. అది హిస్టోన్లనే ప్రోటీను కండెలకు చుట్టుకొని ఉంటుంది. ఈ చుట్టకే క్రోమాటిన్ అని పేరు. గొల్లభామ చీరలు నేసే సిద్దిపేట వాళ్లం. కండె సంగతి మాకొకరు చెప్పనక్కరలేదు. బిగుతుగా చుట్టిన దారాన్ని కణం చదవలేదు. వదులైన చోటనే చదువుతుంది.

నాడీకణంలో చేరిన వైరస్ దారానికీ ఇదే గతి. హిస్టోన్లమీద కొన్ని చోట్ల మిథైల్ అనే రసాయనపు గుర్తులు పడితే చుట్ట బిగుస్తుంది. ఎసిటైల్ గుర్తులు పడితే సడలుతుంది. కణానికి బాధ కలిగినప్పుడు ఈ గుర్తులు మారి వైరస్ మేలుకోవచ్చు. పెదవిమీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్, దీని దాయాది. దానిలో ఈ మార్పును ప్రయోగశాలలో స్పష్టంగా చూశారు. మేలుకొన్న వైరస్‌ను అణచడానికి ఒంట్లో రక్షకకణాలున్నాయి. వయసు మీరినకొద్దీ ఆ కాపలా పలచబడుతుంది. అందుకే అక్కి పెద్దవాళ్లలో ఎక్కువ.

మా రాయపోల్ వైపు అక్కి లేస్తే కుమ్మరిచేత జాజుతో బొమ్మ రాయిస్తారు. ఆ ఆచారాన్ని నేను వెక్కిరించను. కాని జాజు ఉండేది చర్మంమీద; శత్రువు ఉన్నది నరంలో. పొక్కులు లేచిన 72 గంటలలోగా ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెట్టడం మేలు. కంటిదగ్గర లేస్తే పూటైనా ఆగరాదు, చూపుకే ప్రమాదం. పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ పోయని పసివాడికి వచ్చేది అక్కి కాదు, ఆటలమ్మ. యాభై దాటినవారికి టీకా 2023 నుంచి మన దేశంలోనూ ఉన్నది.

తాతగారికి నడుముకు ఒక పక్కనే మంట పుట్టి, ఆపైన వరుసగా పొక్కులు కనిపిస్తే, బొమ్మ రాయించినా మానినా, ఆ రోజే డాక్టరుకు చూపించండి.