కలరా రూపాంతరములు - ఆసుపత్రి పట్టీలు

వాంతిభేది వచ్చినపుడు మన బైరకూరు వంటి పల్లెలలో పూర్వులు మారెమ్మకు మ్రొక్కుకొనెడివారు. శత్రువు కంటికి గోచరింపకుండెను. నేడు దాని పేరు తెలిసినది. కాని అది వేషము మార్చుచుండును.

1961లో ఇండొనేషియాలో బయలుదేరిన ఎల్ టార్ రకము 1964లో భారతదేశము చేరి, పాత రకమును తొలగించెను. ఈ రెండును ‘ఓ1’ వర్గమునకు చెందినవే. 1992లో మద్రాసున వేరొక రకము పొడసూపెను. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో రోగుల మలమును పరీక్షింపగా, ఎల్ టార్ తగ్గి యీ క్రొత్తది హెచ్చుట కనబడెను. అంతవరకు తెలిసిన 138 వర్గముల సీరములలో దేనికిని అది గుమిగూడలేదు. అందుచే ‘ఓ139’ అని పేరిడిరి. పూర్వము కలరా సోకి రక్షణ పొందిన పెద్దలను గూడ అది విడువలేదు. కొలది కాలమునకే అది బంగాళమును చేరెను. కొన్నేండ్లకు మరల ఓ1 వర్గమే ప్రబలెను.

ఉప్పు, చక్కెర కలిపిన నీరు అన్ని రకములకును ప్రాణరక్షకమే. కాని టీకాయు, క్రిమిసంహారక మందును రకమును బట్టి పనిచేయును. బడి హాజరుపట్టీలో ఒకనాటి పుట చూచిన నేమియు తెలియదు. ఏండ్ల పట్టీలు కలిపి చూచిననే మార్పు తెలియును. ఆసుపత్రి పట్టీయు నట్టిదే. కలరా తగ్గిన యేడును దానిని మూయరాదు.